పండబెట్టని పడుగు

మారెక్క కుర్చీలో కూర్చుంది గానీ ఆమె కుడి మోకాలు కూర్చోలేదు.

అది వణుకు కాదు. మడమ పైకి లేస్తోంది, నేలను నొక్కుతోంది. మళ్ళీ సగం లేచి, మెల్లగా నొక్కుతోంది. కాసేపు ఆగుతోంది. ఆ తర్వాత మొదటి నుంచి. మారెక్క రెండు చేతులతో తొడను అదిమి పట్టుకుంది. మోకాలితో పాటు చేతులు కూడా లేచాయి.

"సూడండి మేడం, నేనేం చేయడం లే. అదే చేసుకుంటాంది," అంది. "హాస్టల్లో నా మంచం మీద ఎవురూ కూర్చోరు. రైలెక్కినట్టు ఉంటాదంట."

డాక్టర్ ముంతాజ్ మేడం నవ్వలేదు. మోకాలి చుట్టూ పట్టీ కట్టి, దాని తీగను యంత్రానికి తగిలించమని నాకు చెప్పింది. నేను తగిలించాను. కాగితం కదలడం మొదలుపెట్టింది.

మారెక్క ఖోఖో ఆడుతుంది. పోయిన ఏడాది ఆటలో మోకాలి లోపలి లిగమెంట్ తెగింది. మామూలు ఆపరేషన్ చేస్తే మళ్ళీ ఆడడానికి ఏడాది పడుతుంది. మా ల్యాబ్‌లో తయారుచేసిన లిగమెంట్ పెడితే మూడు నెలలు. అది పట్టు దారాల అల్లిక మీద ఆమె కణాలనే పెంచి చేసిన తాడు. చూడడానికి తడిసిన ఒత్తిలా ఉంటుంది. మనిషికి పెట్టడం అదే మొదటిసారి.

"పరుగెత్తేటప్పుడు ఎలా ఉంది?" అని మేడం అడిగింది.

"పరుగెత్తితే బంగారం. ఎడమ కాలి కన్నా ఇదే మేలు. కూర్చుంటేనే దీనికి పిచ్చి లేస్తాది. మా ఆటలో కూర్చునేదే గదా మేడం పని."

ఖోఖోలో తరిమే జట్టులో ఎనిమిది మంది వరుసగా గొంతుకూర్చోవాలి. తొమ్మిదో మనిషి వెనక నుంచి వచ్చి వీపు తట్టి "ఖో" అనేదాకా కదలకూడదు. ముందే లేస్తే ఫౌల్.

"మొన్న ఒక్క ఆటలోనే ఐదు ఫౌల్లు. విజిల్ ఊది ఊది మా సారుకు బుగ్గలు నొప్పి పుట్టినాయంట." నవ్వుతూనే చెప్పింది గానీ కళ్ళ కింద నల్లగా ఉంది. "ఇరవై మూడు రోజులకు రాష్ట్రం జట్టుకు ఎంపిక ఉండాది మేడం. ఈసారి పోతే నా వయసు దాటిపోతాది."

మేడం మాత్రలు రాసింది. "ఇది నరాల వల్ల కావచ్చు. పదిహేను రోజులు వేసుకో. తగ్గకపోతే వేడి సూది పెడదాం."

"అది పెడితే?"

"తాడు నేర్చుకున్నదంతా మర్చిపోతుంది. ఉత్త దారమైపోతుంది. కాలు నిలకడగా ఉంటుంది, నడుస్తావు."

"పరుగెత్తేది?"

మేడం కాగితాల వైపు చూసింది. "నడుస్తావు మారెక్కా."

నేను యంత్రం నుంచి కాగితం చించి ఫైల్‌లో పెట్టబోతూ చూశాను. గీత ఒక పెద్ద గుట్టలా లేచింది. దాన్ని ఆనుకుని ఒక చిన్న గుట్ట. తర్వాత చదును. మళ్ళీ పెద్ద గుట్ట, చిన్న గుట్ట, చదును. ఆ కాగితానికి చప్పుడు లేదు. అయినా నాకు వినబడింది. పుట్టినప్పటి నుంచి ఇరవై ఏళ్ళు ఆ చప్పుడు వింటూనే పెరిగాను.

అది మా నాయన కాలు.

*

మా తాడుకు నడక నేర్పాలి. నేర్పకుండా మోకాల్లో పెడితే వారం రోజుల్లో సాగిపోతుంది. అందుకే దాన్ని వెచ్చని నీళ్ళ తొట్టిలో రెండు కొక్కేల మధ్య కట్టి, నలభై రోజుల పాటు మోటారుతో లాగుతూ వదులుతూ ఉంటాం. ఎవరికి పెట్టబోతున్నామో ఆ మనిషి బాగున్న కాలి నడకను ముందే రికార్డు చేసి, అదే లెక్కన లాగుతాం. కణాలు ఆ లాగుడును పట్టుకుని, దానికి తగ్గట్టు దారం పోసుకుంటాయి. రెండు గంటలకు మించి వదులుగా ఉంటే అవి చచ్చిపోతాయి. మారెక్క కణాలతో పెరిగిన తాడు అదొక్కటే. మిగతా రెండూ మొదట్లోనే పాడయ్యాయి.

ముప్పై మూడో రోజు మోటారు పళ్ళచక్రం విరిగింది. ఆ రోజు సెలవు. మేడం బెంగుళూరు పోయింది. ల్యాబ్‌లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. చక్రం తెచ్చే మెకానిక్ సాయంత్రం ఆరుకు గానీ రాలేనన్నాడు. అప్పుడు పదకొండు.

మా నాయన కంబగిరి ఆ రోజు కంటి పరీక్షకని ధర్మవరం దగ్గర మా ఊరి నుంచి అనంతపురం వచ్చి, నాకు క్యారియర్ తెచ్చి వరండాలో కూర్చున్నాడు. నా మొహం చూసి లోపలికి వచ్చాడు. తొట్టిలో వేలాడుతున్న దారాన్ని వంగి చూశాడు.

"ఏంది మే ఇది, పడుగా?" మగ్గం మీద నిలువుగా బిగించే దారాలే పడుగు.

"అట్లాంటిదే నాయనా. వదులైతే చచ్చిపోతాది."

"వదులైతే యా పడుగైనా చచ్చేదే. మోటారు లేకపోతే కాలు లేదా?"

రెండు చెక్కలు, ఒక నైలాన్ తాడు, తలుపుకు అడ్డం పెట్టే ఇటుకలు. అరగంటలో కట్టేశాడు. కుడి చెక్క తొక్కితే దారం బిగుస్తుంది, ఎడమ చెక్క తొక్కితే వదులవుతుంది. చెప్పులు విడిచి, చెక్కలను కళ్ళకద్దుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కాళ్ళు గుంతలోకి దించి తొక్కే గుంత మగ్గం మీద నలభై ఏళ్ళు అంచు చీరలు నేసిన మనిషి. ఆయన తొక్కుడు మిగతా వాళ్ళలా ఉండదు. అడ్డదారాన్ని మోసే అంచు నాడె దాటడం కోసం కుడి కాలిని సగం ఎత్తి మళ్ళీ నొక్కుతాడు. కుడి, మళ్ళీ కొంచెం కుడి, ఎడమ, చిన్న ఆగుడు. ఎదురుగా మగ్గం లేకపోయినా కాళ్ళు అట్లనే తొక్కాయి.

నేను తొక్కుతానంటే ఒప్పుకోలేదు. "నీ కాలు చదువుకున్న కాలు. కుదరదులే," అన్నాడు. ఒక చేత్తో అన్నం తింటూ కూడా తొక్కాడు. ఏడు గంటలు.

ఆరున్నరకు మెకానిక్ చక్రం బిగించి పోయాడు. అప్పుడే గేటు దగ్గర మేడం కారు చప్పుడైంది. బయటి మనిషిని లోపలికి రానిచ్చినందుకు నా ఉద్యోగం పోతుందనుకున్నాను. మా ఇంట్లో కుర్చీ మీద కూర్చుని చేసే ఉద్యోగం అదే మొదటిది. నైలాన్ తాడు ముడి విప్పబోయాను.

"ఉండు మే, పండబెట్టి దిగుతా."

"టైం లేదు నాయనా. లెయ్."

"పండబెట్టకుండా దిగకూడదు రంగీ."

మగ్గం దిగే ముందు మా వాళ్ళందరూ చేసే పని అది. రెండు కాళ్ళనూ రెండు తొక్కుడు పలకల మీద సమానంగా ఆనించి, సగం నొక్కి, పడుగు పూర్తిగా కదలిక మానేదాకా అట్లనే పట్టుకుంటారు. అప్పుడు గానీ కాళ్ళు తీయరు. నేను ఆయన చెయ్యి పట్టి లేపి, వెనక తలుపు గుండా పంపేశాను. మోటారు మళ్ళీ మారెక్క నడకను నడవడం మొదలుపెట్టింది. లాగ్‌బుక్‌లో రాశాను: 'మోటారు నలభై నిమిషాలు ఆగింది.'

తర్వాత చేసిన పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. అవన్నీ తాడు ఎంత బరువు మోస్తుందో, ఎంత సాగుతుందో చూసే పరీక్షలు. ఊరికే ఉండమంటే ఉంటుందో లేదో ఎవరూ చూడలేదు.

*

కాగితం చూసిన రోజు నేను ఎవరికీ చెప్పలేదు. మరుసటి రోజు కూడా చెప్పలేదు. ముప్పై మూడో రోజు కాగితాలన్నీ తీసి చదివాను. దారాలు గట్టిపడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మోటారు లాగుడు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. మనిషి కాలు అట్లా కాదు. ఒక్కో తొక్కుడు వెంట్రుకవాసి వేరుగా ఉంటుంది. కణాలు దాన్నే గట్టిగా పట్టుకున్నాయి. మారెక్క నడిచేటప్పుడు నడక ముందుకొస్తోంది. కూర్చుంటే, అడుగున ఉన్న మా నాయన తొక్కుడు పైకి వస్తోంది.

తొమ్మిది రోజులు ఊరికే గడిచిపోయాయి. ఆదివారం మా ఊరు పోయాను.

నాయన మంచం మీద ఉన్నాడు. రెండు నెలల కింద పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. పక్కనే గుంతలో మగ్గం. దాని మీద సగం నేసిన చీర మీద అమ్మ పాత దుప్పటి కప్పింది.

చెప్పాను. నాయన పైకప్పు వంక చూస్తూ విన్నాడు. మాట కొంచెం ముద్దగా వచ్చింది.

"ఆ పాప నిద్ర పోతాండాదా?"

"లేదు నాయనా. మాత్రలేసుకున్నా లేదు."

"యాడ పోతాది. పండబెట్టనీలేదు గదా నువ్వు."

అమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. "ఎన్ని దినాలైంది నీకు తెలిసి?"

"తొమ్మిది."

"తొమ్మిది దినాలు అన్నం ఎట్ల దిగింది మే నీకు?" అని మళ్ళీ లోపలికి పోయింది.

నాయన ఎడమ చేత్తో తన కుడి తొడను పట్టుకుని కాస్త పక్కకు జరుపుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. "ఆ పాపను ఈడికి పిల్చకరా," అన్నాడు. "తొక్కేది నేర్చినాది. దిగేది నేర్పల్ల."

*

మారెక్క హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉంది. మోకాలి మీద బకెట్ నిండా నీళ్ళు పెట్టుకుంది. బరువుకైనా ఆగుతుందేమోనని. నీళ్ళు అంచు దాటి చిందుతున్నాయి.

అంతా చెప్పాను.

"అంటే నా కాల్లో ఉండేది మీ నాయనా?"

"ఆయన తొక్కుడు."

"నేను పిచ్చిదాన్నయితాండా అనుకుంటి అక్కా. మా అమ్మ నిమ్మకాయలు కట్టించె. నువ్వు కాగితం సూసి, తెలిసి, ఫైల్లో పెట్టుకుంటివి." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "మూడు మందులు మింగినా రోజుకు. మత్తులో మెట్ల మీద పడినా. నీకు తెలిసి."

బకెట్ దించడానికి చెయ్యి చాపితే తోసేసింది. కాసేపటికి తనే దించింది.

"మేడంకు నేను చెప్పను. నువ్వే చెప్పల్ల. ఆ తర్వాత మీ ఊరికి ఏ బస్సు పోతాదో చెప్పు."

మేడం నేను చెప్పింది మొత్తం నిలబడే వింది. లాగ్‌బుక్ తెప్పించుకుని 'నలభై నిమిషాలు' అన్న చోట ఎర్ర ఇంకుతో గుండ్రంగా చుట్టింది.

"అబద్ధం రాయకుండా 'ఏడు గంటలు, మనిషి కాలు' అని రాసి ఉంటే ఆ తాడు పెట్టేదాన్నే కాదు," అంది. "లేదా, ఏం జరిగిందో చూసి ఇంకేదైనా నేర్చుకునేదాన్ని. రెండూ లేకుండా చేశావు."

"తప్పయింది మేడం."

"వరుసలో పదకొండు మంది ఉన్నారు రంగనాయకీ. అందులో బస్సు మెట్టు ఎక్కలేని కండక్టర్ ఒకాయన. ప్రతి సోమవారం ఫోన్ చేస్తాడు, తన వంతు ఎప్పుడని. రేపు సోమవారం కాకపోయినా ఆయనకు నేనే చెయ్యాలి, ఆపేశామని." తాళాల గుత్తి కోసం చెయ్యి చాపింది. నేను ఇచ్చాను. "తాడు చివర్లు ఎముకలో పూర్తిగా కుదురుకునేదాకా కొత్తది నేర్చుకుంటుంది. ఇంకో పన్నెండు రోజులు ఉండొచ్చు. ఆ తర్వాత ఏదుంటే అదే. మీ నాయనను ప్రయత్నించనీ. పదమూడో రోజు సూది."

ఆ సూది రోజు, ఎంపిక రోజు ఒకటే అయ్యాయి.

*

మారెక్క మా ఇంట్లో మగ్గం గుంతలోకి కాళ్ళు దించి కూర్చోగానే పలకలు కదిలాయి. ఆమె ఇంకా మగ్గం పట్టుకోనే లేదు. కుడి, మళ్ళీ కొంచెం కుడి. ఎడమ కాలు ఒక్క క్షణం తడబడి, కుడి దాని వెంట పోయింది. ఆగుడు. మళ్ళీ.

రెండు నెలలుగా మూగగా ఉన్న ఇంట్లో ఆ చప్పుడు లేచేసరికి అమ్మ చేటలో బియ్యం అట్లనే పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మంచం మీద నాయన ముందు నవ్వాడు. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"పెద్దనాయనా, నీ కాలు నాకు బాగా పని చెప్తాంది," అంది మారెక్క. "కూలి ఎవురిస్తారు?"

"చీర నేస్తే కూలి. ఉత్త తొక్కుడుకు కూలి యాడుంది పాపా," అన్నాడు గోడ వైపు నుంచే.

మొదటి నాలుగు రోజులూ ఏమీ కాలేదు. గంట తొక్కడం, ఆ తర్వాత రెండు పాదాలూ సమానంగా ఆనించి సగం నొక్కి పట్టుకోవడం. నాయన మంచం పట్టెను ఎడమ చేత్తో తడుతూ లెక్క పెట్టేవాడు. పన్నెండు లెక్కపెట్టేలోపు మోకాలు ఎగిరేది. మారెక్క తిట్టేది. మోకాలిని తిట్టేది, నన్ను తిట్టేది, నాయన ఉన్నాడని ఆపేది.

"అదిమి పెట్టకు," అనేవాడు నాయన. "అదిమితే ఇంకా పని ఉండాది అనుకుంటాది. అయిపోయింది అని దానికి తెలియల్ల. చానా సేపు తొక్కి అలిసిపోయి ఇల్లు చేరినట్టు కూర్చో."

"నాకు ఇల్లు చేరేది రాదు పెద్దనాయనా. నాకు పరుగెత్తేదే తెలుసు."

"నాకు మాత్రం వచ్చిందా? నలభై ఏండ్లు పట్టె."

ఐదో రోజు మారెక్క గుంతలో నుంచి లేచి, సంచి సర్దుకుని బస్టాండుకు పోయింది. సూదే పెట్టించుకుంటానంది. నేను వెంట పోయాను గానీ ఆపలేదు. ఆపే హక్కు నాకు లేదనిపించింది. బస్టాండు అరుగు మీద కూర్చున్న ఆమె పక్కన ఒక ముసలామె, ఊగుతున్న మోకాలిని చాలాసేపు చూసి, "మీది సాలోళ్ళ ఇల్లా పాపా?" అని అడిగింది. సాలోళ్ళంటే మా నేతవాళ్ళు. మారెక్క నా వైపు చూసింది. తిట్టబోతుందనుకున్నాను. "కాదవ్వా. ఆ ఇంటికే పోవల్ల," అని లేచింది.

ఆ రోజు నుంచి నాయన మాటలు తగ్గించాడు. తనను కూడా మంచం దించమన్నాడు. నేను, అమ్మ పట్టుకుని గుంత అంచున కూర్చోబెట్టాం. పడిపోయిన కుడి పాదాన్ని ఎడమ చేత్తో ఎత్తి, మారెక్క పాదం పక్కన పలక మీద పెట్టుకున్నాడు. దానికి చలనం లేదు, బరువు మాత్రం ఉంది. మారెక్క తొక్కుతుంటే ఆ పాదం కూడా లేచింది, దిగింది. ఆపే వేళకు ఆ బరువు పలక మీద నిండుగా, నిమ్మళంగా ఆనింది. ఏ ప్రయత్నమూ చేయలేని కాలు అట్లాగే ఆనుతుంది.

పదో రోజు లెక్క పన్నెండు దాటింది. ఇరవై. ముప్పై. నాయన తట్టడం మానేశాడు. పడుగు దారాలు సన్నగా ఊగి, ఊగి, నిలిచాయి. వీధిలో ఎవరో మేకను అదిలిస్తున్నారు. మారెక్క ఊపిరి కూడా పీల్చుకోవడం లేదు.

"తీయనా?" అంది నోట్లోనే.

"తీయి."

తీసింది. గుంత పైకి వచ్చి అరుగు మీద కూర్చుంది. మోకాలు కూర్చుంది.

అమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చింది. మారెక్క సగం తాగి, గ్లాసును కుడి మోకాలి చిప్ప మీద పెట్టి చేతులు తీసేసింది. మజ్జిగ కదలలేదు. అప్పుడు ఏడ్చింది.

నేను నాయన పాదాన్ని పలక మీద నుంచి తీస్తుంటే అడిగాను. "మళ్ళీ లేస్తాదా నాయనా ఎప్పుడన్నా?"

"పండబెట్టినాక ఇంగ లేయదు. అట్లనే గదా మే కావాల్సింది."

ఆయన మగ్గం వైపు చూడలేదు. అమ్మ దుప్పటి తెచ్చి మళ్ళీ కప్పింది.

*

ఎంపిక రోజు మేడం సూది పెట్టె తీసుకుని మైదానానికే వచ్చింది. తెరవాల్సి వస్తే తెరుద్దామని. నాతో మాట్లాడలేదు గానీ, నేను కూర్చున్న బెంచీకి రెండు బెంచీల అవతల కూర్చుంది. మా మధ్య, నా బెంచీకే అటు చివర ఎవరో ఆటగత్తె తల్లి, ఒడిలో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుంది.

తరిమే జట్టు వరుసగా కూర్చుంది. మారెక్క ఐదో గడిలో. గొంతుకూర్చునే ముందు రెండు పాదాలనూ మట్టిలో సమానంగా ఆనించి, ఒక్కసారి సగం బరువు వేసి చూసుకుంది. కూర్చుంది.

విజిల్ ఊదారు. తరిమే అమ్మాయి ఒకటో గడి, మూడో గడి దాటింది. ఎదుటి జట్టు పిల్ల స్తంభం చుట్టూ తిరిగి మారెక్క ముందు నుంచే పోయింది, దుమ్ము మొహాన కొట్టేటంత దగ్గరగా. మారెక్క మోకాలు కదలలేదు. రెండో రౌండు. కదలలేదు. కోచ్ విజిల్ పెదాల మీద పెట్టుకుని ఆ మోకాలినే చూస్తున్నాడు. మేడం కూడా. పెట్టె మూత మీద ఆమె వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

"ఖో."

మారెక్క లేచింది. ఆ మాట వీపుకు తగిలాక లేచింది, ముందు కాదు. రెండు అడుగుల్లో పక్క గడి దాటింది.

మేడం వేళ్ళు వదులయ్యాయి. సంచి తెరిచి పెట్టెను లోపల పెట్టేసింది. నా వైపు చూడకుండానే, "రేపు వచ్చి ఆ ఏడు గంటల గురించి రాసి ఇవ్వు. నిమిషం నిమిషం. ఉద్యోగం గురించి కాదు, ఆ కండక్టర్ గురించి," అంది.

"వస్తాను మేడం."

ఆట సాగుతూనే ఉంది. మా ఇద్దరి మధ్య కూర్చున్నామె ఒడిలో టిఫిన్ డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మణ్ణీ, కాలు ఊపొద్దు. బెంచీ అంతా కదుల్తాంది."

కిందికి చూశాను. నా కుడి మడమ లేచింది, నొక్కింది. మళ్ళీ సగం లేచి, మెల్లగా నొక్కింది. కాసేపు ఆగింది.

రెండు పాదాలూ సమానంగా ఆనిస్తే ఆ తొక్కుడు ఆగిపోతుందని, ఇంక లేవదని నాకు తెలుసు. ఆనించలేదు. ఆమెకు క్షమాపణ చెప్పి, బెంచీ దిగి నేల మీద కూర్చున్నాను.